మందు మానవచ్చునా?

రోగి కోలుకొనగానే మనోవ్యాధి మందును మాన్పింపవచ్చునా? డెన్మార్కు మనోవ్యాధి వైద్యుడు మోగెన్స్ షౌ ఇంటను ఈ చింత యుండెను. ఆయన సోదరుని విషాదరోగము మాటిమాటికి పీడించెడిది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియము ఉన్మాదమును శమింపజేయునని ప్రకటింపగా, షౌ 1954లో దానిని పరీక్షించి స్థిరపరచెను. పిదప అది విషాదము మరల రాకుండ కాపాడునని గ్రహించెను. సోదరుడును దానివలననే తేరుకొనెను. 1970లో ప్రకటితమైన పరీక్షయందు, లిథియముతో కుదుటబడిన 84 మందిలో 39 మందికి దానికి బదులు వట్టి మాత్రల నొసగిరి. అయిదు నెలలలో వారిలో 21 మందికి వ్యాధి తిరుగబెట్టెను. మందు మానని 45 మందిలో ఒక్కరికిని లేదు. అయితే మోతాదు మించిన నది విషమే, రక్తపరీక్షలు తప్పవు. కావున మానుటయైనను, మార్చుటయైనను వైద్యుని యాజ్ఞచొప్పుననే జరుగవలెనని మేము మనవిచేయుచున్నాము.