చూపును తీర్పును

“కన్నులార చూచితిని” అను మాటకు లోకమున గొప్ప విలువ కలదు. అటుపై వాదమునకు తావు లేదని జనులు తలంతురు. కాని కన్ను తెచ్చునది వార్త మాత్రమే; దానికి అర్థము చెప్పునది మనస్సు. కావున చూపు అనునది మనస్సు చేయు తీర్పు. అవసరమైనపుడు ఆ తీర్పును పరీక్షించుట వివేకుల ధర్మము.

మనస్సు సాధారణముగా నేర్పరియైన న్యాయాధిపతియే. 10 అడుగుల దూరముననున్న మనిషి 20 అడుగుల దూరమునకు పోయినచో, కంటిలోని తెరపై అతని ప్రతిబింబము సగము ఎత్తున కుదించుకొనును. అయినను అతడు పొట్టివాడయ్యెనని ఎవరును భ్రమపడరు. ఓరగా తెరచిన తలుపు ప్రతిబింబము వంకరగా పడినను, తలుపు వంకరయని తోచదు. మిట్టమధ్యాహ్నపుటెండలోని నల్లబల్ల, దీపకాంతిలోని తెల్లకాగితము కంటె ఎక్కువ వెలుగును కంటికి పంపును. అయినను బల్ల నల్లగను, కాగితము తెల్లగనే కనబడును. రెండు కన్నుల నడుమ సుమారు 6 సెంటీమీటర్ల ఎడముండుటచే వానిలో పడు బొమ్మలు కొంచెము వేరుగానుండును. ఆ భేదమునుండి మనస్సు లోతును గ్రహించునని 1838లో చార్లెస్ వీట్‌స్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చూపెను.

ఇంతటి నేర్పరియు ఒక్కొక్కప్పుడు పొరబడును. పున్నమినాటి సాయంకాలము తాటితోపు వెనుక ఉదయించు చంద్రుడు పెద్ద పళ్ళెమువలె నుండును; నడినెత్తికి వచ్చునప్పటికి చిన్నవాడైనట్లు తోచును. చేయి చాచి పట్టుకొనిన ఒక్క బఠాణీగింజ ఆ చంద్రుని రెండు వేళలందును మరుగుపరచును! 1995లో ఎడ్వర్డ్ ఆడెల్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక గళ్ళపలక చిత్రమును గీసెను. అందు నీడలోనున్న గడి తెల్లగను, వెలుగులోనున్న గడి నల్లగను కనబడును. నిజమునకు రెండింటి బూడిదవన్నె ఒక్కటే. సత్యము తెలిసిన పిమ్మటను ఆ భ్రమ తొలగదు. చుట్టునున్న గళ్ళను కప్పి చూచినపుడే నిజము బయటపడును.

అట్లని కన్నులను నమ్మరాదనుట తగదు. వాని సాయము లేక వీధి దాటుటయు కష్టమే. కాని మసకచీకటిలో ఎఱ్ఱచొక్కాయు నల్లగా తోచును. దూరమునుండి చూచి “నల్లచొక్కావాడే దొంగ” యని చెప్పు సాక్షి అబద్ధీకుడు కాకపోవచ్చును; అయినను ఆ మాటచే నిరపరాధి దండనకు గురికావచ్చును. ఇతరుల మంచిచెడ్డలను నిర్ణయింపవలసివచ్చినపుడు చూచితినని చెప్పుట చాలదు. ఎంత దూరమునుండి, ఏ వెలుగులో చూచినదియు విచారింపవలెను.