మా బుజ్జి, గేటు ముందు ఆరు మగకుక్కలు

మొన్న ఆదివారం పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం గేటు తీద్దును కదా, ఆరు మగకుక్కలు బారుగా కూర్చున్నాయి. మా బుజ్జి ఎదకొచ్చింది!

"పెరట్లో కట్టెయ్యరా, ఇల్లంతా మైల" అంది అమ్మ. నేనొప్పుకోలేదు. పెరట్లో కట్టెయ్యడమంటే వాటికి అప్పజెప్పడమే. ప్రహరీగోడ వాటికో లెక్కా? రక్తం తగ్గితే గండం గడిచిందనుకుంటారు చాలామంది. అసలు కథ అప్పుడే మొదలు. మొదటి తొమ్మిది పది రోజులు అది మగకుక్కని దగ్గరకి రానివ్వదు, రక్తం పలచబడ్డాక రానిస్తుంది. అందుకే మూడు వారాలు దాటేదాకా బయటికెళ్తే గొలుసు మన చేతిలో ఉండాల్సిందే.

చంటిపిల్లల డయపర్‌కి తోక కోసం చిల్లు పెట్టి వేశాను (నవ్వకండి). తడవగానే మార్చాలి, లేకపోతే చర్మం పాడవుతుంది.

"ఒక్క ఈత కానిచ్చి ఆపరేషన్ చేయించు, ఆరోగ్యానికి మంచిది" అని మా టీమ్‌లో ఒకాయన సలహా. ఎవరు పుట్టించారో గానీ ఈ మాటకి ఆధారం లేదు. పుట్టిన ఐదారు కూనల్ని ఎవరికిస్తాం? మగవాటిని అడిగి మరీ పట్టుకెళ్తారు. ఆడవి రోడ్డు మీదే. మా బుజ్జి దొరికింది కూడా చెత్తకుండీ పక్కనే.

ఇప్పుడైతే రక్తస్రావం ఎక్కువవుతుంది, రెండు మూడు నెలలాగి తీసుకురమ్మన్నారు డాక్టరు. ఈలోపు తిండి మానేసి నీళ్ళు తెగ తాగుతుంటే గర్భసంచిలో చీము పట్టిందేమోనని అనుమానించి వెంటనే పరిగెత్తాలట.

తేదీ క్యాలెండర్లో రాసేశా. అమ్మ మాత్రం ఇంకా హాల్లో కూర్చోవట్లేదు.