నోరు మెదపని బిడ్డ

మన కొత్తపేట మీదుగా మెట్రో రైలులో పోవువారు నిత్యము "విక్టోరియా మెమోరియల్" అను స్టేషను పేరు విందురు. 2018 సెప్టెంబరు నుండి ఆ దారిని రైళ్లు నడచుచున్నవి. విక్టోరియా రాణి 1901లో గతించిన పిమ్మట, ఆమె స్మారకముగా ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున ఇచ్చట వెలసిన అనాథ శరణాలయమే ఆ పేరునకు మూలము. పేరు అందఱును విందురు. దాని వెనుక తల్లిదండ్రులు లేని బిడ్డల తరములున్నవని తలచువారు కొందఱే. అట్టి బిడ్డకు కప్పు, కూడు, చదువు అమర్చినంతమాత్రమున మన బాధ్యత తీరునా? ఈ ప్రశ్నకు ఒక చలనచిత్రమున నాకు జవాబు దొరకినది.

అది ఐర్లండు దేశపు ప్రాచీన భాషయగు ఐరిషులో కోలమ్ బరేడ్ తీసిన "ఆన్ కలీన్ క్యూన్", అనగా "నెమ్మది పిల్ల". 2022లో ప్రదర్శింపబడినది. క్లేర్ కీగన్ రచించిన "ఫాస్టర్" అను కథ దానికి ఆధారము. ఆ భాషా చిత్రములలో ఆస్కారు బహుమతి పోటీ తుదిజాబితా కెక్కిన మొదటిది ఇదియే. అందు తొమ్మిదేండ్ల బాలిక బిడ్డలు పెక్కండ్రు గల యింట ఎవరికిని పట్టనిదై పెరుగును. వేసవిలో ఆమెను దూరపు బంధువులైన ఐలీన్, షాన్ దంపతుల యింటికి పంపుదురు. వారు కన్నకొడుకును పోగొట్టుకొన్నవారు. బాలిక పక్క తడిపినపుడు ఐలీన్ గద్దింపక, తప్పును పాత పరుపు మీదికి నెట్టును. ఒకనాడు పిల్లపై కసరిన షాన్, పిదప ఒక బిస్కట్టును ఆమె చెంత బల్లపై నుంచి, మాటాడకయే వెడలిపోవును. ఆ చిన్ని పనులతోనే ఆ యింట మరల ప్రాణము కదలును.

ఇట్టి కథ తెలుగువారికి క్రొత్త కాదు. 1955లో బి. ఎన్. రెడ్డిగారు తీసిన "బంగారు పాప"కు జార్జి ఎలియట్ 1861లో ప్రకటించిన "సైలస్ మార్నర్" నవల ఆధారము. ఎస్. వి. రంగారావుగారు ధరించిన కోటయ్య లోకముపై కసి నిండిన మనిషి. దిక్కులేని పసిపాప చేతికి వచ్చిన పిమ్మట అతని గుండె మెత్తబడును. బిడ్డను పెంచినవాడు బిడ్డవలననే బాగుపడెను. కావున ఆదరణ ధర్మదానము కాదు; ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని అది సమానముగా మేలు.

ఇక మా ఉపాధ్యాయుల సంగతి. నోరు మెదపని బిడ్డను మేము మెచ్చుకొందుము. ఆ తప్పు నేనును చేసితిని. చాల యేండ్ల క్రిందట ఒక బాలుని ప్రగతి పత్రముపై వరుసగా మూడుమారులు "నెమ్మదిపరుడు, నడవడి ఉత్తమము" అని వ్రాసితిని. ఏడాది చివర వాని అమ్మమ్మ వచ్చి, "పంతులుగారూ, తల్లి పోయిన నాటినుండి వాడు ఇంటను మాటాడుట లేదండీ" అని చెప్పినది. నేను మెచ్చినది వాని దుఃఖమును! ఆ పత్రములు నేటికిని నా కంటికి కట్టినట్లుండును.

ఏబదిమంది గల తరగతిలో ఒక్కొక్కరిని కనిపెట్టుటకు తీరిక యెక్కడిదని కొందఱు తోడి ఉపాధ్యాయు లందురు. మాట నిజమే. కాని బల్లపై బిస్కట్టు నుంచుటకు షానునకు ఎంత కాలము పట్టెను? పేరుపెట్టి పిలిచి, "అన్నము తింటివా?" అని యడుగుటకు అరనిమిషము చాలును. అయితే బిడ్డ వెంటనే బదులు పలుకవలెనని పట్టుపట్టరాదు. మాట వచ్చువఱకు మనము చెంత నుండిన చాలును.

తల్లిదండ్రులారా, బిడ్డ మార్కుల నడుగుటకు ముందు వాని ముఖము చూడుడు. విద్యార్థులారా, మధ్యాహ్నము ఒంటరిగా కూర్చుండి డబ్బా విప్పువాని ప్రక్కకు పోయి కూర్చుండుడు. ఈ యేడు ప్రగతి పత్రముపై "నెమ్మదిపరుడు" అని వ్రాయుటకు ముందు నేను కలము నాపి, ఆ బిడ్డను ఒకమారు పలుకరించెదను.