బడిగదులలో రేడాను

ప్రజారోగ్యమును గూర్చి ప్రశ్న వచ్చినపుడెల్ల సగటు లెక్కను చూపి జనులను ఊరడించుట అధికారవర్గమునకు పరిపాటియైనది. ఐర్లండుదేశపు పాఠశాలలలో రేడాను వాయువును కొలిచిన వృత్తాంతము ఈ ఊరడింపు ఎంతమాత్రము చాలదని స్పష్టపఱచుచున్నది.

నేలయందును శిలలయందును లేశముగానున్న యురేనియము యుగయుగములుగా క్షయించుచు రేడియమగును. రేడియమునుండి రేడాను పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట గాలిలో కలిసి పలుచనగును గాని, కట్టడముల నేలబీటలగుండ పైకి వచ్చి మూసిన గదులలో నిలిచిపోవును. పొగత్రాగుట తరువాత ఊపిరితిత్తుల క్యాన్సరునకు ప్రధానకారణములలో నిది యొకటి. గదిగాలిలో ఘనమీటరునకు 100 బెకరెళ్లను మేరగా నుంచుకొనుడనియు, అది సాధ్యము కానిచో 300 దాటనీయకుడనియు ప్రపంచారోగ్యసంస్థ 2009లో సూచించెను.

ఐర్లండువారు 1998 మొదలు 2004 వఱకు 3,826 పాఠశాలలలో, నేలమట్టపు గదులను 38 వేలకు పైగా పరీక్షించిరి. సగటు 93 బెకరెళ్లు. ఇండ్లలో కొలువగా వచ్చిన సగటు 89. ఇంతటితో పుస్తకము మూసియుండినచో ఎల్లరును సంతసించియుందురు. కాని గదిగదిని కొలిచిరి గనుక, ఆ దేశపు మేరయైన 200ను దాటిన గది యొకటియైన నున్న పాఠశాలలు 984 అని, అనగా నాలుగింట నొకటి యని, తేలినది. 329 పాఠశాలలలో 400ను సైతము మించినది. న్యాయస్థానమున సగటు సాక్షి యనువాడు బోనెక్కడు. సగటు గదిలో కూర్చుండి చదువు బాలుడును లేడు. దోషము తెలిసినచో చికిత్స కలదు: గాలిరంధ్రములు పెంచుట, లేదా నేలక్రింద గుంత చేసి గొట్టము, పంకాల సాయమున వాయువును వెలికి తోలుట.

కొలుచుటయు బ్రహ్మవిద్య కాదు. చిన్న డబ్బీలో ప్లాస్టిక్కు పలక నుంచి గదిలో విడిచినచో ఆల్ఫాకణముల దెబ్బలు దానిపై జాడలగును. వానిని రసాయనముతో తేటపఱచి సూక్ష్మదర్శినిలో లెక్కింతురు. విద్యుత్తక్కఱలేదు. ఓర్పు కావలెను, ఋతువునుబట్టి రేడాను మాఱును గావున విద్యాసంవత్సరము పొడుగున నుంచవలయును.

ఇది మనకేల యందురా? కడపజిల్లా తుమ్మలపల్లెలోను, నల్లగొండసీమలోను యురేనియపు ఖనిజము కలదు. మన బడుల తెఱచిన కిటికీలు గొప్ప రక్షయే. కాని ఏసీలు బిగించి తలుపులు మూయు బడులు పట్టణములలో పెరుగుచున్నవి. కిటికీని చూచి నిర్భయమనుటయు, గనిని చూచి భయపడుటయు కొలువక చెప్పు మాటలే. బాలుడు సంవత్సరమున సుమారు 1000 గంటలే బడిలో గడుపును. తక్కిన కాలము విశేషముగా ఇంటనే. బడిగది అంకె ఆ వీథి యిండ్లకు తీర్పు కాజాలదు గాని, ఏ ప్రాంతపు నేలను అనుమానింపవలెనో చెప్పు మొదటి సాక్ష్యమగును.

కావున రెండు తెలుగు ప్రభుత్వములును మొదట ఈ రెండు సీమలలో, పిమ్మట తక్కినచోట్ల, ప్రతి బడి నేలమట్టపు గదులను ఒక విద్యాసంవత్సరము కొలిపించి, గదివారీ అంకెలను ఆ బడి గోడమీదనే తెలుగున ప్రకటింపవలయునని కోరుచున్నాము.