సదన్ పెట్టిన మనిషి

పెద్ద అంబర్‌పేట నుంచి సైదాబాద్ వైపు పనులకు వచ్చే మన సంఘం స్త్రీలు రోజూ ఐ.ఎస్. సదన్ చౌరస్తా దాటుతారు. అది ఇందిరా సేవా సదన్ అనీ, దిక్కులేని పిల్లల కోసం దాన్ని పెట్టింది సంగం లక్ష్మీబాయి అనీ మొన్న సమావేశంలో చెబితే, ‘ఆమె ఎవరక్కా?’ అన్నారు. తప్పు అడిగిన వాళ్ళది కాదు, ఇన్నేళ్ళూ చెప్పని మనది.

ఆమెది పక్కనున్న ఘటకేసరే. 1911లో పుట్టారు. గుంటూరులో ఉన్నవ దంపతులు నడిపిన శారదా నికేతనంలో చదువుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, ఆ అనుభవాలను పుస్తకంగా రాశారు. పార్టీ టికెట్టు రావడం ఆ తరవాతి మాట. 1952లో బాన్సువాడ నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికై, విద్యాశాఖ ఉపమంత్రిగా పనిచేశారు. 1957లో, 1962లో వికారాబాద్ నుంచి, 1967లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. అన్నీ పల్లెల ఓట్లే.

మరి మన స్త్రీల చరిత్రలో ఆమె ఎందుకు కనబడరు? కాంగ్రెస్ మనిషి కావడం వల్లనే అనుకుంటాను. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల మాటలను వెలికి తెచ్చింది. ఎంతో విలువైన పని. ఆలేరు నుంచి మూడుసార్లు శాసనసభకు గెలిచిన ఆరుట్ల కమలాదేవి పేరు మనలో ఎవరినడిగినా చెబుతారు. పాలకపక్షంలో ఉండి పనిచేసిన స్త్రీని మాత్రం రాజీపడిన మనిషిగా లెక్కగట్టి పక్కన పెట్టాం. ఆ పార్టీతో నాకూ పేచీలున్నాయి. అయినా ఇది న్యాయం కాదు.

స్థానిక సంస్థల్లో రిజర్వేషన్లు వచ్చాక, భార్యను గెలిపించి కుర్చీలో తాము కూర్చునే భర్తలను చూస్తున్నాం. దాన్నే చూపించి ‘ఆడవాళ్ళకు రాజకీయాలేం తెలుసు?’ అంటున్నారు. చట్టసభల్లో మూడోవంతు స్థానాలకు 2023లో రాజ్యాంగ సవరణ చేస్తూ, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అని మెలిక పెట్టారు. అదే ఏడు తెలంగాణ శాసనసభకు గెలిచిన 119 మందిలో స్త్రీలు 10 మంది. 2024లో 17 లోక్‌సభ స్థానాల్లో ఇద్దరు. గెలిచే స్త్రీలు దొరకడం లేదని పార్టీలు చెప్పే సాకుకు వికారాబాద్ పల్లెలు 1957లోనే జవాబు చెప్పాయి.

1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినప్పుడు లక్ష్మీబాయి లోక్‌సభలో ఉన్నారు. ఆనాటి చర్చలు అచ్చులో ఉన్నాయి. వాటిలో స్త్రీ సభ్యుల మాటలను తెలుగు చేసి ఘటకేసర్, పెద్ద అంబర్‌పేట సంఘాల్లో చదవాలనుకుంటున్నాం. ఇద్దరం కుదిరాం. ఇంగ్లీషు బాగా వచ్చిన మూడో మనిషి కావాలి.