ఆరోగ్య ముచ్చట్లు: పరుగెత్తితేనే వచ్చే కాలినొప్పి

కూర్చుంటే నొప్పి లేదు, పడుకుంటే లేదు, బజారుకు పోయి వచ్చినా లేదు. పరుగెత్తితే మాత్రం పది నిమిషాలకు కాలు బిగిసి అడుగు పడదు. ఆగి కాసేపు కూర్చుంటే ఏమీ ఎరగనట్లు పోతుంది. ఇటువంటి నొప్పిని ఇంట్లో పెద్దవాళ్ళు నమ్మరు. “బద్ధకానికి సాకు” అంటారు. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు పరుగు పరీక్ష ఉన్నది గనుక, ఆ ఒక్క మాటతో ఒక కుర్రవాని బ్రతుకుతెరువే తప్పిపోవచ్చును. అందుచేత ఈ నెల ఈ సంగతి ముచ్చటిద్దాము.

పరుగులో కాలినొప్పికి కారణాలు అనేకం. ఎక్కువమందిలో కనబడేది మోకాలి దిగువ ఎముక లోపలి అంచు వెంబడి పొడుగునా వచ్చే నొప్పి. ఎముకలో సన్నని చీలిక ఏర్పడితే, వ్రేలితో నొక్కినప్పుడు ఒక్కచోటనే విపరీతంగా నొప్పెడుతుంది. రక్తనాళం నొక్కుకుపోయినా, నడుము దగ్గర నరం నలిగినా కాలు నొప్పెట్టవచ్చును. వీటితోబాటు ఇంకొక కారణం ఉన్నది. అదే కండరాల అరలలో ఒత్తిడి పెరగడం.

మోకాలికి దిగువ కండరాలు నాలుగు అరలుగా అమరి ఉంటాయి. ఒక్కొక్క అర చుట్టూ గట్టి పొర ఉంటుంది. దానిని దిండు గలీబు అనుకోండి. పరుగులో కండరానికి రక్తం ఎక్కువగా చేరి, దాని పరిమాణం నూటికి ఇరవై వంతుల దాకా పెరగవచ్చును. గలీబు సాగకపోతే లోపల బిగువెక్కుతుంది, రక్తప్రసారం తగ్గుతుంది. ముందు అరలోని నరం నొక్కుకుంటే బొటనవ్రేలికీ పక్క వ్రేలికీ నడుమ తిమ్మిరి కూడా వస్తుంది. విశ్రాంతితో ఉబ్బు తగ్గగానే నొప్పీ తగ్గుతుంది. 1956లో మేవర్ అనే శస్త్రవైద్యుడు ఒక ఫుట్‌బాల్ ఆటగానికి ఈ పొరను కోసి బాధ తీర్చిన వైనం వైద్యపత్రికలో ప్రకటించాడు.

చిక్కు ఎక్కడ ఉన్నదంటే, డాక్టరు బల్లమీద పడుకోబెట్టి చూసే వేళకు కాలు మామూలుగానే ఉంటుంది. ఎక్స్‌రేలోనూ ఏమీ కనబడదు. లెక్కలు వ్రాసేవారికి ఈ మాట సులభంగా బోధపడుతుంది. జమాఖర్చులు జరిగిన తరువాత వ్రాయవలసిన నిలవను పొద్దున్నే వ్రాసేస్తే లెక్క ఎట్లా తేలుతుంది? అందుకని చర్మానికి మత్తుమందు వేసి, కండరంలోకి బోలు సూది దించి, లోపలి ఒత్తిడిని కొలుస్తారు. రక్తపు పోటును చెప్పినట్లే దీనినీ పాదరసపు మిల్లీమీటర్లలో చెబుతారు. ముందు విశ్రాంతిలో కొలిచి, తరువాత నొప్పి వచ్చేదాకా పరుగెత్తించి, ఆగిన ఒక నిమిషానికీ, అయిదు నిమిషాలకూ మళ్ళీ కొలుస్తారు. 1990లో పెడోవిట్జ్, ఆయన తోటి వైద్యులు ప్రకటించిన హద్దులు ఇవి: పరుగుకు ముందు 15, ఒక నిమిషానికి 30, అయిదు నిమిషాలకు 20. వీటిలో ఏ ఒక్కటి అందుకున్నా, దాటినా రోగమున్నట్లు లెక్క.

అయితే అంకె ఒక్కటే తీర్పు కాదు. ఏ బాధా లేనివారిలో కూడా కొందరికి ఇటువంటి అంకెలు వస్తాయని తరువాతి పరిశీలనలలో తేలింది. రోగి చెప్పిన కథ, డాక్టరు పరీక్ష, సూది చూపిన అంకె, మూడూ ఒక దారిన నడిస్తేనే నిర్ణయం. సూదిపోటు గనుక కాలు నొప్పి అన్న ప్రతివారికీ ఈ పరీక్ష చేయరు. ప్రతి ఊళ్ళోనూ దొరికేదీ కాదు. రోగం తేలితే పరుగు తగ్గించడం, అడుగు వేసే తీరు మార్చుకోవడం మొదటి చికిత్స. దానితో కుదరకపోతే పొరను నిలువునా కోసే శస్త్రచికిత్స ఉన్నది. చాలామందికి గుణమిస్తుంది, అందరికీ కాదు.

ఒక హెచ్చరిక. ఎముక విరిగిన తరువాతనో, కట్టు కట్టిన తరువాతనో కాలు బిగిసి, విశ్రాంతిలో కూడా నొప్పి గంటగంటకూ పెరుగుతూ ఉంటే అది వేరే సంగతి. తెల్లవారేదాకా ఆగక వెంటనే ఆస్పత్రికి తీసుకొనిపోవాలి. గంటలు గడిస్తే కండరం చచ్చిపోవచ్చును.

మనం డాక్టరుతో ఇంటి భాషలో కాక ఊరి భాషలో చెప్పుకునేవాళ్ళం. కన్నడంలో ‘కాలు నోవు’ అన్నా, తమిళంలో ‘కాల్ వలి’ అన్నా పై కారణాలన్నీ ఆ రెండు మాటల్లోనే ఇమిడిపోతాయి. కనుక నాలుగు సంగతులు కాగితంమీద వ్రాసుకొని వెళ్ళండి: ఎంత దూరం పరుగెత్తితే నొప్పి వస్తుంది, సరిగా ఏ చోట వస్తుంది, తిమ్మిరి ఉన్నదా, ఆగిన ఎన్ని నిమిషాలకు పోతుంది. పిల్లవాణ్ణి సోమరి అనేముందు, గడియారం చేతబట్టుకొని ఒకనాడు వాని వెంట మైదానానికి వెళ్ళి ఈ లెక్క మీరే వ్రాయండి.