కోళ్లపెంపకము: యజమాని యెవరు?

బెంగుళూరున ఉద్యోగములు చేయుచున్న మన తెలుగు సోదరులకు భూమిపై మక్కువ నానాటికి హెచ్చుచున్నది. అధికాదాయము గలవారును, వ్యవసాయము వృత్తిగా లేనివారును సాగుభూమిని కొనకుండ అడ్డగించుచుండిన 79-ఎ, 79-బి విభాగములను కర్ణాటక ప్రభుత్వము 2020వ సంవత్సరమున భూసంస్కరణల చట్టమునుండి తొలగించినది. నాటినుండి దొడ్డబళ్లాపురము, చిక్కబళ్లాపురము, కోలారు దిక్కుల ఎకరమో, రెండెకరములో కొని, కంచె వేయించి, బోరుబావి త్రవ్వించి, ఆదివారమునాడు పిల్లలతో గూడ పోయి చూచివచ్చువారు మా పాఠకులలో పలువురు కలరు. మామిడి నాటినవారు కాయకొఱకు నాలుగైదేండ్లు కనిపెట్టుకొని యుండవలయును. కోళ్లను పెట్టినచో అయిదు నెలలకే గుడ్డు కంటబడును. కావున "వేయి కోళ్లను పెట్టదలచితిమి, లాభమా, నష్టమా?" యని మమ్ము నడుగువారు ఎక్కువగుచున్నారు. లాభనష్టముల కంటె ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదని మా యభిప్రాయము. ఆ కోళ్లకు యజమాని యెవరు?

తెలుగువారికి ఈ పరిశ్రమ క్రొత్తది కాదు. ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2023-24వ సంవత్సరమున దేశమున 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి కాగా, అందు నూటికి 17.85 వంతులు ఆంధ్రప్రదేశమువి, 12.88 వంతులు తెలంగాణమువి. దేశమున పుట్టిన ప్రతి పది గుడ్లలో మూడు తెలుగునాట పుట్టినవే. కర్ణాటకపు భాగము నూటికి ఏడు వంతులకు లోపు. గుడ్డు ధరను వర్తకులే నిర్ణయించుట వాడుకయై యున్న కాలమున, 1982లో రైతులను కూడగట్టి జాతీయ గుడ్ల సమన్వయ సంఘమును నిలిపిన బండా వాసుదేవరావుగారు తెలుగువారే. ఈ ఖ్యాతిని తలచుకొని సంతసించుట న్యాయమే. అయినను తణుకునందో, తాడేపల్లిగూడెమునందో తరతరములుగా కోళ్ల నడుమ పుట్టి పెరిగిన రైతు నేర్పు, భాష యొక్కటి యైనంత మాత్రమున మనకు సంక్రమింపదు.

మన అమ్మమ్మలు పది కోళ్లను పెంచిరి. ఆ పెంపకమున మనుష్యుని పని మిక్కిలి స్వల్పము. ఉదయమున గంప ఎత్తుట, గుప్పెడు నూకలు చల్లుట, సాయంకాలమున మరల గంప క్రింద మూయుట. తక్కినదంతయు పెట్టయే చూచుకొనెడిది. పెంటకుప్పను గీరి పురుగును వెదకుకొనును. ఇరువదియొక్క దినములు గుడ్లపై కూర్చుండి పొదుగును. గద్దనీడ నేలపై పడిన తోడనే పిల్లలను రెక్కల క్రిందికి పిలుచుకొనును. వేయి కోళ్లను ఒక్క కప్పు క్రిందికి చేర్చిన దినమున ఈ పనులలో ఏ యొక్కటియు కోడి వశమున నుండదు. మేత తెచ్చుట, వెచ్చదన మిచ్చుట, రోగమును కనిపెట్టుట, పిల్లిని, ముంగిసను, పందికొక్కును వారించుట, అన్నియు మనుష్యుని పైననే పడును. పదిని నూఱింతలు చేసిన వేయి యగుననుట బడిలెక్క. కోళ్లపెంపకమున ఆ లెక్క చెల్లదు. వేయి కోళ్లకు మనుష్యుడే తల్లి కావలెను.

తన కోడి కూయనిదే, తన కుంపటి రాజనిదే ఊరు తెల్లవారదని నమ్మిన అవ్వ కథను విని మనమందఱము నవ్వినవారమే. కోళ్ల షెడ్డులోనికి పిల్లలు దిగిన మొదటి వారమున ఆ యవ్వ మాట నిజమగును. అచ్చట కుంపటి రాజనిచో పిల్లలకు తెల్లవారదు.

దినము వయస్సు గల పిల్లకు ఒంటినిండ నూగే గాని ఈకలుండవు. మొదటి వారమున దానికి 95 ఫారెన్‌హీటు డిగ్రీల వేడి కావలెను; పిదప వారమునకు అయిదేసి డిగ్రీలు తగ్గించుచు పోవలెను. వేడి చాలినదో లేదో ఉష్ణమాపకము కంటె పిల్లలే చక్కగ చెప్పును. దీపము క్రింద ముద్దగా మూగినచో చలి. దీపమునకు దూరముగ పోయి నోళ్లు తెఱచినచో ఉక్క. ఒక్క ప్రక్కకే ఒత్తిగిలినచో రెండవ ప్రక్కనుండి గాలి కొట్టుచున్నదని యర్థము. అంతటను చెదరి మేయుచు, త్రాగుచు, నిద్రించుచు నున్నచో అంతయు క్షేమము. సముద్రమట్టమునకు మూడువేల అడుగుల యెత్తున నున్న ఈ సీమ వాతావరణము కోళ్లకు అనుకూలమని చెప్పుట విందుము. పెరిగిన కోడికి అనుకూలమే. పుష్యమాసపు అర్ధరాత్రమున విద్యుత్తు పోయినచో చిన్న పిల్లకు మాత్రము కాదు. అవి మూలకు చేరి ఒకదానిపై నొకటి యెక్కును. అడుగున నున్నవి ఊపిరాడక చచ్చును. ఇదంతయు గంట రెండు గంటలలో ముగియును. గ్యాసు పొయ్యియో, పొగపోవు దారి యుంచుకొని బొగ్గుల కుంపటియో సిద్ధముగ నుండి, దానిని రాజబెట్టు మనిషి పిలుపు వినబడు దూరమున పరుండి యుండవలెను.

మా మిత్రులొకరు ఈ పనికి కెమేరాలు చాలునని తలచిరి. షెడ్డు నాలుగు మూలలను నాలుగు కెమేరాలు పెట్టించి, నగరమునందలి తమ గదినుండి చేతి ఫోనులో పిల్లలను చూచుకొని మురియుచుండిరి. ఒకనాటి రాత్రి గాలివానలో గోనె పరదా లేచిపోయినది, విద్యుత్తు పోయినది. విద్యుత్తుతో గూడ కెమేరాలును కన్నులు మూసినవి. కాపరి రెండుమార్లు ఫోను చేసెను. బొగ్గులు కొనుటకు వాని చేతిలో సొమ్ము లేదు; యజమాని నిద్రలో నుండిరి. తెల్లవారునప్పటికి మూలన పిల్లలు కుప్పపడి యుండెను. ఆ నష్టమును మా మిత్రులు కాపరి జీతములో పట్టుకొనిరి. వాడు మఱుసటి వారము పెట్టె సర్దుకొని పోయెను. తప్పు వానిది కాదని మేము ముఖముననే చెప్పితిమి. మా స్నేహమునకు కొంత కాలము అంతరాయము కలిగినది గాని, అభిప్రాయము మారలేదు.

పిల్లలు పెరిగిన పిదప చావులు తగ్గును. అయితే కనబడని నష్టములు మొదలగును. గుడ్లకోడి దినమునకు సుమారు 110 గ్రాముల మేత తినును. వేయి కోళ్లకు దినమునకు 110 కిలోలు, ఏడాదికి నలువది టన్నులు. మొత్తపు ఖర్చులో నూటికి డెబ్బది వంతుల వఱకు మేతకే పోవును. ఆ మేతలో మొక్కజొన్న ప్రధానము. ఇథనాలు బట్టీలును మొక్కజొన్నకొఱకు పోటీపడుటచేత దాని ధర కోళ్లరైతుకు భారమైనది. ఇట్టి మేతను తొట్టి నిండుగ పోసినచో కోడి ముక్కుతో చిమ్మి వేయును. కోడికి పది గ్రాములు చిమ్మినను ఏడాదికి మూడున్నర టన్నులకు పైగా ఊకలో కలిసిపోవును. తొట్టిని సగమువఱకే నింపి, అంచును కోడి వీపు ఎత్తున నుంచవలెననునది అందఱికి తెలిసినదే. దినదినమును దానిని సవరించువాడు కావలెను.

ఊకపఱుపు సంగతియు నట్టిదే. నగరమునుండి వచ్చినవాడు వాకిట నిలిచి, కోళ్లన్న తరువాత వాసన సహజమే యనుకొని పోవును. కాపరి నేలపై కూర్చుండి, కోడి తల యెత్తున తన తలనుంచి చూచును. కండ్లు మండినచో ఊకను తిరుగవేయును; నీటి గొట్టము కారుచున్నదేమో వెదకును. తడి ఊకలోనే రక్తపారుడు ప్రబలును. ఇక వేసవి వచ్చినచో కోడికి చెమట పట్టదు. నోరు తెఱచి రొప్పుటయే దానికి గల యుపాయము. మేతకు రెండింతలు త్రాగు కోడి ఎండలలో మఱింత త్రాగును. 2024 వేసవిలో ఈ మహానగరమే నీటికి అలమటించినది. వేయి అడుగులు త్రవ్వినను చెమ్మ తగులని బోర్లు గల కోలారు, చిక్కబళ్లాపురపు నేలలలో కోళ్లకు ముందు నీటిని లెక్కించుకొనవలెను.

కావున కోళ్లకు నిజమైన యజమాని వాటి దగ్గఱ పరుండువాడు. పట్టా ఎవరి పేరనున్నను, పెట్టుబడి ఎవరిదైనను ఇది మారదు. ఆ కాపరి అనంతపురపు సీమనుండి వచ్చినవాడు కావచ్చును, ఒడిశానుండియో, అస్సామునుండియో భార్యాబిడ్డలతో వచ్చినవాడు కావచ్చును. చుట్టుప్రక్కల బాగేపల్లి, ముళబాగిలు ప్రాంతములనుండి వచ్చిన మన భాషవాడే కావచ్చును. నెలజీతము నిచ్చి, చావులకు కోత పెట్టి, లాభమును మాత్రము తామే యుంచుకొను ఏర్పాటున వాడు నడిరేయి లేవవలసిన కారణమేమున్నది? నిశ్చితమైన జీతముతో పాటు గుడ్ల రాబడిలో వానికి వ్రాతమూలకముగ భాగముండవలెను. బొగ్గులకును, మందులకును అడుగకయే ఖర్చుపెట్టుకొను సొమ్ము వాని చేతిలో నుండవలెను. చచ్చిన కోళ్లను దాచక చూపుటకు వాడు భయపడని స్థితి యుండవలెను. ఏలయన, మొదటి దినమున చచ్చిన అయిదు కోళ్లను దాచినచోటనే తరువాతి దినములలో అయిదువందలు చచ్చును. హెసరఘట్టయందలి కేంద్ర కోళ్ల అభివృద్ధి సంస్థలో శిక్షణ యిచ్చుచున్నారు. అచ్చటికి యజమాని యొక్కడే పోయి పత్రము తెచ్చుకొని గోడకు తగిలించుట వలన కోళ్లకు ప్రయోజనము లేదు. కాపరిని పంపవలెను.

మఱియొక మాట. కోళ్లకు ఆదివారము లేదు, కాపరికి ఉండవలెను. తోట చూడవచ్చు యజమాని ఆ దినమున కాపరిని సెలవుపై పంపి, తెల్లవారుజామున దీపములు వెలిగించుట మొదలు రాత్రి పరదాలు దించువఱకు తానే పని చేయునుగాక. నెలకు నాలుగు దినములట్లు చేసినవాడు జీతములో కోత పెట్టడని మా నమ్మకము.

ఈ వ్యవహారము యజమానికిని కాపరికిని మధ్యనే ముగిసిన మేమింత వ్రాయకపోదుము. పొరుగువారి సంగతి యున్నది. పక్షిజ్వరము మన దేశమున మొదట 2006లో మహారాష్ట్రమునందలి నవాపురమున కనబడెను. 2012 అక్టోబరులో, శిక్షణ పొందినవారే నడుపుచున్న హెసరఘట్ట సంస్థలోనే టర్కీ కోళ్లకు సోకగా అచ్చటి పక్షులనన్నిటిని చంపివేయవలసి వచ్చెను. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో ఏమి జరిగినదో మన యిండ్లలో వినని వారు లేరు. రోగము తేలినచో ఒక కిలోమీటరు వలయములోని కోళ్లనన్నిటిని చంపుట నియమము. ఆ వలయములో మన వేయి కోళ్లతో గూడ, గ్రామమునందలి ముసలమ్మ పది పెట్టలును పోవును. చంపిన పక్షులకు ప్రభుత్వము పరిహారమిచ్చును. అంతకు ముందే రోగముతో చచ్చినవానికి ఇయ్యదు. మన షెడ్డులో చచ్చిన కోడిని కంచె అవతల పాఱవేసి, కుక్క దానిని వీథికి ఈడ్చుకొనిపోయినచో, ఆ ముసలమ్మ కోల్పోవునది ఆమె చీటిపాట, మనుమని పుస్తకములు. ఊరికి క్రొత్తగ వచ్చిన మనము ఆమెకేమి సమాధానము చెప్పగలము? వాకిట సున్నపు గుంట, షెడ్డులోనికి వేఱు చెప్పులు, కళేబరములను పూడ్చుటకు లోతైన గొయ్యి: వీనికగు ఖర్చు ఒక్క కెమేరా వెలకు మించదు.

మొదటనే వేయి పెట్టవలదు. ఇన్నూఱుతో ఆరంభించి ఒక వేసవిని, ఒక చలికాలమును గడపి చూడుడు. హెబ్బాళపు శాస్త్రజ్ఞులు 1989లో రూపొందించిన గిరిరాజ జాతియు, హైదరాబాదు రాజేంద్రనగరమున పుట్టిన వనరాజ, గ్రామప్రియ జాతులును చిన్న రైతును ఉద్దేశించి తెచ్చినవే. ఏడాదికి మున్నూఱు గుడ్లు పెట్టు పంజరపు కోడితో అవి పోటీ చేయజాలవు, చేయనక్కఱయు లేదు.

టీకాల విషయము చెప్పి ముగింతుము. కొక్కెర తెగులునకు ఇరువదవ శతాబ్దమున కుమావూను కొండలలోని రాణిఖేతు పేరు వచ్చినది. తెలుగు పల్లెలలో అది ఏటేట వేసవి మొదట గంపలను ఖాళీ చేయు పాత శత్రువు. దానికి కంటిలో చుక్క వేయు మందు వేయి మోతాదుల సీసాలలో దొరకును. పది కోళ్లు గలవారు వేయి మోతాదుల సీసాను కొనలేరు. కొన్నను కలిపిన మందు రెండు గంటలకు మించి పనిచేయదు. ఆఱువందల కోళ్లు గల మన పాఠకుడు ఆ సీసాను కొని, తన కోళ్లకు వేసి, తక్కిన నాలుగువందల మోతాదులను మురుగులో పోయుచున్నాడు. అట్లుగాక, ముందునాటి సాయంకాలమే ఊరిలో చెప్పి పంపి, వేకువనే తన షెడ్డు ముగించుకొని, మంచుగడ్డల డబ్బాలో మిగిలిన మందును పట్టుకొని, గంపలు ఎత్తకమునుపే కాపరియు తానును ఊరిలోనికి పోవచ్చును. ముందు షెడ్డు, పిమ్మట ఊరు. తిరిగి వచ్చి స్నానము చేసి, బట్టలు మార్చుకొనువఱకు షెడ్డులో అడుగు పెట్టరాదు. వచ్చు మాఘమాసమున ఇట్లు చేసిన పాఠకులు, ఎన్ని యిండ్ల గంపల దగ్గఱకు పోయిరో మాకు వ్రాసిన ప్రకటింతుము.